వలస కూలీల మీద ఏ సినిమాలు వేయాలి, ఎక్కడ ఆపి మాట్లాడాలి

మే డే సందర్భంగా మీ మండలంలో వరుసగా నాలుగు రాత్రులు వలస కార్మికుల మీద సినిమాలు వేయాలనుకుంటున్నామని రాశారు. గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లు, వెళ్లడానికి పాస్‌పోర్టు సిద్ధం చేసుకున్న కుర్రాళ్లు, వాళ్ల ఇళ్లలోని ఆడవాళ్లు, ఊరి బయట ఇటుక బట్టీల్లో పనిచేసే ఒడిశా కుటుంబాలు వస్తాయన్నారు. జనం చూసి ఏడ్చి వెళ్లిపోతే లాభం లేదని, వాళ్లకు పనికొచ్చేలా ఉండాలని, ఏవి వేయాలో ఎలా వేయాలో చెప్పమని అడిగారు. ఆ చివరి మాట నాకు బాగా నచ్చింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను సౌదీలో దమ్మామ్ వైపు ఏడేళ్లు సెంట్రింగ్ పని చేసి వచ్చాను. వచ్చిన దగ్గర్నుంచి, ఇప్పటికి పద్నాలుగేళ్లు, స్నేహితులతో కలిసి జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ఊళ్లలో ప్రొజెక్టరు మోసుకుని తిరుగుతున్నాను. మొదటి ఏడాది మేం చేసిన తప్పు ముందు చెప్పాలి. గల్ఫ్ కష్టాల మీద ఒక సినిమా తెచ్చి బడి గ్రౌండులో వేశాం. జనం కిక్కిరిసి వచ్చారు, ఏడవని మనిషి లేడు. మొదటి వరసలో కూర్చుని వెక్కివెక్కి ఏడ్చిన కుర్రాడు సరిగ్గా రెండు వారాలకు ఒక ఏజెంటు చేతిలో లక్షా ఇరవై వేలు పెట్టాడు. రసీదు లేదు. ఎందుకిలా చేశావని అడిగితే, "సినిమాలో వాని నసీబు మంచిగ లేదన్నా, నా ఏజెంటు మనోడే" అన్నాడు.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. మేం కష్టాన్ని చూపించాం. ఆ కష్టం ఏ కాగితం దగ్గర, ఎవరి చేతిలో, ఏ లెక్కతో మొదలైందో చూపించలేదు. కారణం కనిపించకపోతే జనం దాన్ని నసీబు ఖాతాలో రాసేసుకుంటారు. అప్పటి నుంచి సినిమా ఎంచుకునేటప్పుడు నేను చూసేది ఒక్కటే. ఉచ్చు ఎలా బిగిసిందో ఇందులో కనిపిస్తుందా? అప్పు, అడ్వాన్సు, లాక్కున్న పాస్‌పోర్టు, మధ్యలో మేస్త్రీ, అర్థంకాని భాష, వీటిలో ఏదో ఒకటి కళ్లకు కట్టినట్టు ఉంటే చాలు, అక్కడ బొమ్మ ఆపి మాట్లాడొచ్చు. సినిమా ఎంత గొప్పదైనా అలాంటి చోటు లేకపోతే దాన్ని ఇంట్లో చూసుకుంటాను, ఊళ్లో వేయను.

మొదటి రాత్రి "ఆడుజీవితం" వేయండి. బ్లెస్సీ తీసిన మలయాళ సినిమా, పృథ్వీరాజ్ నటించారు, 2024 మార్చిలో వచ్చింది. తెలుగు డబ్బింగ్ ఉంది కాబట్టి పెద్దవాళ్లు కూడా ఇబ్బంది లేకుండా చూస్తారు. బెన్యామిన్ 2008లో రాసిన నవల దీనికి ఆధారం, ఆ నవల వెనక నజీబ్ అనే నిజమైన మనిషి జీవితం ఉంది. కంపెనీలో పని అనుకుని సౌదీలో దిగిన మనిషి ఎడారిలో గొర్రెలు, మేకలు, ఒంటెల మధ్య బందీ అయిపోతాడు. కథ మీకు తెలిసే ఉంటుంది.

ఈ సినిమాలో జనం గుర్తుపెట్టుకునేది ఎడారి, దాహం, చిక్కిపోయిన ఒళ్లు. నేను ఆపేది మాత్రం వేరే రెండు చోట్ల. మొదటిది విమానాశ్రయం. నజీబ్‌కూ తోడొచ్చిన కుర్రాడికీ అరబ్బీ రాదు. తమను తీసుకెళ్లడానికి రావాల్సింది ఎవరో, ఆయన ఎలా ఉంటాడో తెలియదు. ఎవరో ఒకాయన వచ్చి రమ్మంటాడు, వెళ్లి బండెక్కుతారు. అక్కడ ఆపి కుర్రాళ్లను అడుగుతాను: మీ కంపెనీ పేరు అరబ్బీలో రాసిన కాగితం మీ జేబులో ఉందా? ఎయిర్‌పోర్టుకు వచ్చే మనిషి ఫోన్ నంబరు ఉందా? అదే నంబరు మీ ఇంట్లో ఎవరి దగ్గరైనా ఉందా? ఒక్కోసారి వంద మందిలో ఐదు చేతులు కూడా లేవవు. అప్పుడు గ్రౌండులో పడే నిశ్శబ్దం సినిమా ఒక్కటే వేస్తే రాదు.

రెండోది చివర్లో వస్తుంది. నజీబ్ తప్పించుకుని బయటపడ్డాక జైలుకు చేరతాడు. అక్కడ వరసగా నిలబెడితే కఫీళ్లు, అంటే వీసా ఇచ్చి పనికి పెట్టుకున్న యజమానులు, వచ్చి పారిపోయిన తమ మనుషులను గుర్తుపట్టి తీసుకుపోతుంటారు. తనను బందీ చేసిన యజమాని కూడా వస్తాడు. నజీబ్ ప్రాణాలు బిగపట్టుకుని నిలబడతాడు. ఆయన చూసి కూడా వదిలేసి వెళ్లిపోతాడు, ఎందుకంటే నజీబ్ అసలు ఆయన వీసా మీద వచ్చినవాడే కాదు. అన్ని రోజుల చాకిరీ వెనక ఒక్క కాగితం లేదు. థియేటర్లో ఈ దృశ్యం ఒక్క నిమిషంలో దాటిపోతుంది. నన్నడిగితే సినిమాకు ప్రాణం ఇక్కడే ఉంది. కఫాలా అంటే ఏమిటో పుస్తకం చదివి చెబితే గంట పడుతుంది, ఈ చోట ఆపి చెబితే ఐదు నిమిషాలు చాలు. నువ్వు దేశంలో ఉండాలన్నా, పని మారాలన్నా, ఇంటికి రావాలన్నా ఒక మనిషి చేతిలో ఉండటం. ఆ మనిషి దగ్గర్నుంచి బయటికొస్తే నువ్వు ఖల్లివెల్లి, అంటే కాగితాల్లేని పారిపోయిన కూలీవి. ఈ మాట మన ఊళ్లలో అందరికీ తెలుసు, దాని వెనక చట్టం ఎలా పనిచేస్తుందో మాత్రం తెలియదు.

ఇప్పుడు రూల్స్ మారాయి కదా అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. కొంత నిజమే. ఖతర్ 2020లో యజమాని ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదని ఇచ్చే కాగితం) లేకుండా పని మారే వీలు కల్పించింది. సౌదీ కూడా 2021 మార్చిలో కొన్ని సడలింపులు తెచ్చింది. కానీ సౌదీ సడలింపులు తెచ్చినప్పుడు ఇంటి పనివాళ్లను, డ్రైవర్లను, తోట పనివాళ్లను, పశువులు కాసేవాళ్లను పక్కన పెట్టింది. అంటే సినిమాలో నజీబ్ చేసిన పనికి ఆ సడలింపు అప్పుడు రాలేదు. ఈ సంగతి చెప్పకుండా సినిమా వేస్తే, అది పాత కథ అనుకుని ఇంటికి వెళ్లిపోతారు.

మలయాళీలు గల్ఫ్ మీద ఇంకా చాలా తీశారు. మమ్ముట్టి నటించిన "పత్తేమారి" 2015లో వచ్చింది, డబ్బు పంపే మనిషి ఇంటికి పరాయివాడైపోవడం గురించి. తిరిగొచ్చినవాళ్లు దాన్ని చూసి మాట్లాడకుండా కూర్చుంటారు. తెలుగులో సునీల్ కుమార్ రెడ్డి 2017లో "గల్ఫ్" తీశారు. మన కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి ఇన్ని లక్షల మంది వెళ్లి వస్తుంటే తెలుగు సినిమా వాళ్ల వైపు చూసింది చాలా తక్కువ. ఈ బాధ నాకు ఎప్పుడూ ఉంది.

రెండో రాత్రికి నేను చెప్పే సినిమా వినగానే మీ సంఘంలో కొందరు వద్దంటారు. అయినా వేయండి. వెట్రిమారన్ తీసిన తమిళ సినిమా "విసారణై". 2015లో వెనిస్ చిత్రోత్సవంలో చూపించారు, మన దేశం తరఫున ఆస్కార్ ఎంట్రీగా కూడా వెళ్లింది. కోయంబత్తూరు ఆటో డ్రైవర్ ఎం. చంద్రకుమార్ తన సొంత అనుభవంతో రాసిన "లాకప్" అనే పుస్తకం మొదటి సగానికి ఆధారం. ఆ అనుభవం జరిగింది మన గుంటూరులో. తమిళనాడు నుంచి పనికోసం వచ్చి పార్కులో పడుకునే కుర్రాళ్లను పోలీసులు పట్టుకెళ్తారు. ఒక పెద్ద ఇంట్లో జరిగిన దొంగతనం ఒప్పుకోమని కొడతారు. వాళ్లకు తెలుగు సరిగా రాదు, ఎందుకు కొడుతున్నారో మొదట అర్థమే కాదు.

మనవాళ్లు ఎప్పుడూ వలస సినిమాలో తమను తాము కూలీ వైపు చూసుకుంటారు. ఈ సినిమాలో తెలుగు మాట్లాడేది లాఠీ పట్టుకున్నవాళ్లు. మొదటిసారి వేసినప్పుడు ఒక పెద్దాయన లేచి, మన పోలీసులను చెడ్డగా చూపించారని కోపంగా వెళ్లిపోయారు. మర్నాడు పొద్దున మా ఇంటికి వచ్చారు. వాళ్ల బావి దగ్గర పనిచేసే బిహార్ కుర్రాడి ఆధార్ కార్డు రెండేళ్లుగా తన బీరువాలోనే ఉందని, ఇచ్చేశానని చెప్పారు. నేను ఆయన్ని ఏమీ అడగలేదు, ఆయనే చెప్పారు. సౌదీలో మన పాస్‌పోర్టు కఫీల్ దగ్గర ఉంటే తప్పు అంటాం. ఊళ్లో ఒడిశా కూలీ కార్డు మన దగ్గర ఉంటే "జాగ్రత్త కోసం" అంటాం.

ఆపాల్సిన చోటు కోర్టు దృశ్యం. తమ మాట జడ్జిగారికి చేరే దారి ఆ కుర్రాళ్లకు లేదు. వేరే పని మీద అక్కడికి వచ్చిన ఒక తమిళ పోలీసు అధికారి వాళ్ల మాటను తెలుగులో చెప్పాకే న్యాయమూర్తికి విషయం అర్థమవుతుంది, వాళ్లు బయటపడతారు. ఆ అధికారిగా సముద్రఖని నటించారు, జాతీయ అవార్డు వచ్చింది. భాష తెలిసిన ఒక్క మనిషి లేకపోతే వాళ్ల గతి ఏమిటి? మీ బట్టీల దగ్గర ఒడియా తెలిసిన టీచరో అంగన్‌వాడీ కార్యకర్తో ఎవరైనా ఉన్నారా? ఆస్పత్రిలో, స్టేషన్‌లో వాళ్ల తరఫున మాట్లాడేదెవరు? ఈ ప్రశ్న మీ ఊరి సర్పంచిగారు ముందు వరసలో ఉన్నప్పుడు అడగండి. హింస చాలా ఎక్కువ, పిల్లలను రానివ్వొద్దు. రెండో సగంలో కథ చెన్నైకి, పోలీసుల లోపలి రాజకీయాలకు వెళ్లిపోతుంది. మీ అవసరానికి మొదటి సగం చాలు.

మూడో రాత్రి బట్టీ కుటుంబాల కోసం ఉంచండి. సమయం కూడా చక్కగా కుదిరింది. మే నాటికి సీజన్ చివరికొస్తుంది, లెక్కలు తేల్చుకుని ఒడిశాలోని బలంగీర్, నువాపడా వైపు తిరిగి వెళ్లే రోజులు. వాళ్లకు హిందీ కొంత అర్థమవుతుంది కాబట్టి బిమల్ రాయ్ 1953లో తీసిన "దో బీఘా జమీన్" వేయండి. బల్‌రాజ్ సాహ్నీ శంభు అనే రైతు. జమీందారు అప్పు 65 రూపాయలనుకుని ఇంట్లో ఉన్నవన్నీ అమ్మి తీసుకెళ్తాడు. అక్కడ దొంగ లెక్కలు చూపించి 235 అంటారు. ఆ డబ్బు కోసం కలకత్తా వెళ్లి రిక్షా లాగుతాడు. నలుపు తెలుపు సినిమా, డెబ్బై ఏళ్లు దాటింది, ఎవరు చూస్తారని అనుకోకండి. 65 కాస్తా 235 అయ్యే చోట ఒకసారి బట్టీ నుంచి వచ్చిన ఒకావిడ గట్టిగా నవ్వింది. పక్కనున్న వాళ్లందరూ నవ్వారు. సంతోషంతో వచ్చిన నవ్వు కాదు అది. తర్వాత ఆమె తన భాషలో చెబితే మా ఒడియా మిత్రుడు తెలుగులో చెప్పాడు: ఈ లెక్క తనకు ప్రతి ఏడాదీ చెబుతారట.

బాల తీసిన "పరదేశి" 2013లో వచ్చింది, అది కూడా ఇదే లెక్క గురించి. బ్రిటిష్ కాలంలో తేయాకు తోటలకు కూలీలను తోలుకెళ్లే కంగాణీ, చేతిలో పెట్టే అడ్వాన్సు, ఏడాది చివర అది పోగా ఇది పోగా అని కోసేసి నీకే ఇంకా బాకీ ఉంది అని చెప్పే చిట్టా. పాలమూరు నుంచి ఊరూరికీ జనాన్ని తీసుకెళ్లిన గుంపు మేస్త్రీ పద్ధతి తెలిసినవాళ్లకు కంగాణీని విడిగా పరిచయం చేయనక్కర్లేదు. అంతకు ముందు తరాల్లో విశాఖ తీరం నుంచి రంగూన్ ఓడ ఎక్కిన తెలుగు కూలీలను నడిపించిందీ మేస్త్రీలే. అయితే ఈ సినిమా మరీ చీకటిగా ఉంటుంది. పారిపోబోయిన కూలీ మడమ నరం కోసే దృశ్యం ఉంది. మొత్తం వేయొద్దు. లెక్కలు చెప్పే పావుగంట ముక్క ఒక్కటి వేసి ఆపండి.

ఆ ముక్క తర్వాత చట్టం చెప్పాలి, గట్టిగా చెప్పాలి. 1976 నుంచి వెట్టిచాకిరీ చట్టం ఉంది. అడ్వాన్సు తీర్చడానికి మనిషిని కట్టిపడేసి పని చేయించుకోవడం నేరం. వెట్టి అని తేలితే ఆ అప్పు రద్దయిపోతుంది, కూలీ దాన్ని తీర్చాల్సిన పనిలేదు. ఫిర్యాదు కలెక్టరుకు ఇవ్వొచ్చు. 1982లో ఢిల్లీ ఏషియాడ్ (ఆసియా క్రీడలు) నిర్మాణ కూలీల కేసులో సుప్రీంకోర్టు ఇంకా పెద్ద మాట అంది. కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకుంటే అది కూడా రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరే అంది. ఆకలి వల్ల ఒప్పుకున్నంత మాత్రాన ఇష్టపడి ఒప్పుకున్నట్టు కాదని ఆ తీర్పు సారాంశం. ఇది విన్నాక బట్టీ యజమానులు ఊరుకుంటారా అని మీకు టెన్షన్ ఉంటుంది. ఉండాలి కూడా. ఆ రాత్రి మీరు మాట్లాడి ఇంటికి వెళ్లిపోతారు, వాళ్లు మాత్రం బట్టీకే వెళ్లి పడుకోవాలి. అందుకని ఎవరి బట్టీ గురించీ పేరు పెట్టి మైకులో మాట్లాడించొద్దు. లేబర్ ఆఫీసు నుంచి ఒకరిని ముందే పిలిచి కూర్చోబెట్టండి, మాట్లాడాలనుకున్నవాళ్లు తర్వాత పక్కకు వెళ్లి మాట్లాడతారు.

ఆడవాళ్ల కోసం విడిగా ఒక మధ్యాహ్నం పెట్టండి. రాత్రి షోలకు వాళ్లు వచ్చినా నోరు విప్పరు. కువైట్‌లో ఇంటిపని చేసొచ్చిన అక్కలతో రాయచోటి వైపు రెండుసార్లు, గోదావరి వైపు ఒకసారి ఇలా కూర్చున్నాను. నేను గది బయటే ఉన్నాను, నా భార్య నడిపించింది. ఆంథొనీ చెన్ అనే సింగపూర్ దర్శకుడు 2013లో తీసిన "ఇలో ఇలో" వేశాం. ఫిలిప్పీన్స్ నుంచి ఇంటిపనికి వచ్చిన టెరెసా, ఆమెను పెట్టుకున్న మధ్యతరగతి కుటుంబం. 1997 ఆర్థిక సంక్షోభంలో ఆ కుటుంబం కూడా మునిగిపోతుంటుంది. యజమానురాలు రాక్షసి కాదు, గర్భిణి, ఉద్యోగం పోతుందేమోనని భయంలో ఉన్న మనిషి. అయినా పనిమనిషి రాగానే పారిపోతుందేమోనని పాస్‌పోర్టు తీసి దాచేస్తుంది. మంచి మనుషులు కూడా ఇది ఎంత మామూలుగా చేసేస్తారో చూపించిన సినిమా నేను ఇంకోటి చూడలేదు. పిల్లాడికీ టెరెసాకూ మధ్య పెరిగే ప్రేమ చూసి అక్కలు తాము పెంచిన అరబ్బు పిల్లల పేర్లు చెప్పుకుని ఏడ్చారని నా భార్య చెప్పింది. ఆ ఏడుపు వేరు, దాన్ని ఆపకూడదు.

ఉస్మాన్ సెంబేన్ 1966లో తీసిన "బ్లాక్ గర్ల్" ఇంకా పదునైనది, గంట మాత్రమే. డాకర్ నుంచి పిల్లల్ని చూసుకోవడానికని ఫ్రాన్స్ తీసుకెళ్లిన అమ్మాయితో అక్కడ వంట, బట్టలు, గిన్నెలు అన్నీ చేయిస్తారు. చెప్పిన పని ఒకటి, చేయించే పని ఒకటి. ఇక్కడ ఏజెంటు చూపించిన కాంట్రాక్టు అక్కడ దిగాక మారిపోయిందని మనవాళ్లు చెప్పేది అచ్చం ఇదే. కానీ చివర ఆ అమ్మాయి ప్రాణం తీసుకుంటుంది. మనసు దెబ్బతిని తిరిగొచ్చినవాళ్లు కూర్చున్న గదిలో దాన్ని నేను వేయను. మీ సంఘం సభ్యులు మాత్రం చూడండి.

నాలుగో రాత్రికి యూనియన్ గురించి ఏదైనా కావాలి, లేకపోతే మూడు రాత్రుల బరువు మోసుకుని జనం ఇంటికి పోతారు. కెన్ లోచ్ 2000లో తీసిన "బ్రెడ్ అండ్ రోజెస్" వేయండి. లాస్ ఏంజిలిస్‌లో పెద్ద పెద్ద ఆఫీసు భవనాలను రాత్రిపూట ఊడ్చి తుడిచే వలస కార్మికుల కథ. మెక్సికో నుంచి దొంగదారిలో సరిహద్దు దాటి వచ్చిన మాయా, అక్కడే పనిచేసే ఆమె అక్క రోసా. నిజంగా జరిగిన "జస్టిస్ ఫర్ జానిటర్స్" ఉద్యమం దీని వెనక ఉంది. 1990 జూన్ 15న సెంచరీ సిటీ అనే చోట ఊరేగింపుగా వెళ్తున్న ఈ కార్మికులను పోలీసులు చితకబాదారు. టీవీల్లో అది చూసి జనం మండిపడ్డారు, కొన్నాళ్లకే క్లీనింగ్ కాంట్రాక్టు కంపెనీ యూనియన్‌తో ఒప్పందం చేసుకుంది.

మనవాళ్లకు ఇందులో వెంటనే తగిలేది కాంట్రాక్టు పద్ధతి. భవనం ఒకరిది, జీతం ఇచ్చేది ఇంకొకరు. అడిగితే ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు. హైదరాబాద్‌లో ఆస్పత్రుల్లో, ఐటీ ఆఫీసుల్లో హౌస్‌కీపింగ్ చేసే మన ఊళ్ల అక్కచెల్లెళ్లకు ఇది ప్రతి నెలా జరిగేదే. సినిమాలో యూనియన్ వాళ్లు జీతమిచ్చే చిన్న కంపెనీని వదిలి, భవనంలో ఉన్న పెద్దవాళ్ల పరువు మీద పడతారు. వాళ్ల విందులోకి వ్యాక్యూమ్ క్లీనర్లతో వెళ్లే దృశ్యానికి మా దగ్గర ఈలలు వేశారు.

అసలు ఆపాల్సింది అక్కాచెల్లెళ్ల గొడవ దగ్గర. రోసా యూనియన్ రహస్యాలు సూపర్‌వైజరుకు చెప్పేసిందని తెలిసి మాయా నిలదీస్తుంది. అప్పుడు రోసా తను ఇన్నేళ్లు ఇంటికి డబ్బు ఎలా పంపిందో, చెల్లెలికి ఈ ఉద్యోగం ఇప్పించడానికి ఏం చేయాల్సి వచ్చిందో చెబుతుంది. ద్రోహి అని మనం అనుకున్న మనిషి అందరికంటే ఎక్కువ మోసిందని తెలుస్తుంది. మా ఊళ్లలో యూనియన్‌లో చేరనివాళ్లను తిట్టే మిత్రులు ఈ దృశ్యం చూడాలి. మనిషి ఎందుకు భయపడుతున్నాడో తెలియకుండా ధైర్యం చెప్పలేం. చివర్లో కార్మికులు గెలుస్తారు, మాయా మాత్రం చేసిన ఒక తప్పు వల్ల దేశం నుంచి పంపేయబడుతుంది. గెలిచినవాళ్ల మధ్య ఆమె లేదు.

ఒక్క హెచ్చరిక. ఇది చూసి కుర్రాళ్లు సౌదీలోనో దుబాయ్‌లోనో ఇలాగే చేద్దామనుకోకూడదు. అక్కడ వలస కార్మికులకు యూనియన్ పెట్టుకునే హక్కు లేదు, సమ్మె చేస్తే తిరుగు టికెట్టే. నేనున్న క్యాంపులో నాలుగు నెలల జీతం కోసం పని ఆపినవాళ్లలో ముందు నిలబడిన ముగ్గురిని వారంలో పంపేశారు. మిగతావాళ్లకు జీతం వచ్చింది. ఆ ముగ్గురికి రాలేదు. అక్కడ దారి లేబర్ కోర్టు, ఎంబసీ, ఇక్కడి నుంచి విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు. నెమ్మదిగా పనిచేస్తాయి, అయినా కాగితం మీద పడితే ఏదో ఒక కదలిక ఉంటుంది.

సమయం మిగిలితే చిన్న ముక్కలుగా వేయడానికి మరో మూడు. సెంట్రింగ్, తాపీ పనివాళ్లు ఎక్కువ ఉంటే బెల్జియం అన్నదమ్ములు డార్డెన్‌లు 1996లో తీసిన "లా ప్రొమెస్" మొదటి అరగంట. లేబర్ ఇన్‌స్పెక్టర్లు వస్తున్నారని తెలిసి, కాగితాలు లేని ఆఫ్రికా కూలీ కంగారుగా దిగబోయి పరంజా మీద నుంచి పడతాడు. ఆస్పత్రికి తీసుకెళ్తే బండారం బయటపడుతుందని యజమాని అతన్ని చావనిస్తాడు. నేను దమ్మామ్‌లో పరంజా మీద నుంచి పడిన ఒక మనిషిని మోశాను. ఆ దృశ్యం ఇప్పటికీ పూర్తిగా చూడలేను. అది వేసిన రోజున భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు కార్డు గురించి చెప్పండి, చాలామంది రెన్యూవల్ చేయించుకోరు.

నిక్ బ్రూమ్‌ఫీల్డ్ 2006లో తీసిన "గోస్ట్స్" ఇంకొకటి. 2004 ఫిబ్రవరి 5 రాత్రి ఇంగ్లండ్‌లో మోర్కాంబ్ బే ఒడ్డున సముద్రపు గవ్వ చేపలు ఏరుతున్న 23 మంది చైనా కూలీలు పోటు నీటిలో చనిపోయారు. మధ్యవర్తుల అప్పు మాత్రం ఊళ్లో వాళ్ల కుటుంబాల మీద అలాగే ఉంది. ఆ ఏడాదే బ్రిటన్ కూలీ మేస్త్రీలకు లైసెన్సు తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది.

మూడోది వినోద్ కాప్రీ డాక్యుమెంటరీ "1232 కిలోమీటర్లు". 2020 లాక్‌డౌన్‌లో ఘజియాబాద్ నుంచి బిహార్‌లోని సహర్సాకు సైకిళ్ల మీద వెళ్లిన ఏడుగురి ప్రయాణం. దాన్ని వేసినప్పుడు మన సంగతి కూడా గుర్తుచేయండి. సంగారెడ్డి దగ్గర కంది ఐఐటీ క్యాంపస్ నిర్మాణంలో పనిచేస్తున్న కూలీలు ఆ ఏప్రిల్ చివర జీతాల కోసం, ఇంటికి పంపమని రోడ్డెక్కారు. మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు వలస కూలీలను ఇళ్లకు చేర్చే శ్రామిక్ రైళ్లలో దేశంలో మొదటిది బయలుదేరింది, సుమారు 1,200 మందితో. సరిగ్గా మే డే రోజు.

ఇక ఏర్పాట్లు. సినిమా హక్కులున్నవాళ్లకు ముందుగా రాయండి. డాక్యుమెంటరీ తీసినవాళ్లు ఊళ్లో ఉచితంగా వేసుకుంటామంటే చాలాసార్లు ఒప్పుకుంటారు, పెద్ద సినిమాలకు సమయం పడుతుంది. సబ్‌టైటిళ్లు ఎవరూ చదవరు, మైకు పట్టుకుని రెండు ముక్కల్లో కథ చెప్పే మనిషి కావాలి. మా దగ్గర ఒగ్గు కథ చెప్పే కుటుంబంలోని కుర్రాడు ఈ పని చేస్తాడు, బొమ్మ కంటే అతని గొంతు వినడానికే కొందరు వస్తారు. ఒక్క షోలో రెండుసార్లకు మించి ఆపొద్దు, జనానికి చిరాకొస్తుంది. తిరిగొచ్చినవాళ్లను హఠాత్తుగా మైకు దగ్గరికి పిలవొద్దు. ముందురోజు వాళ్లింటికి వెళ్లి అడగండి, వద్దంటే వదిలేయండి. ఫోటోలు తీసి స్టేటస్‌లు పెట్టొద్దు. ఏజెంట్ల మనుషులు కూడా వచ్చి కూర్చుంటారు. ఒక ఊళ్లో సినిమా మధ్యలో కరెంటు తీయించారు. అప్పటి నుంచి జనరేటరు తీసుకెళ్తున్నాం.

అన్నిటికంటే ముఖ్యంగా, షో బయట ఒక టేబుల్ వేసి జిరాక్స్ మిషన్ పెట్టండి. ఆడుజీవితం వేసే రాత్రి తప్పకుండా పెట్టండి. పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు కాపీ ఒకటి తల్లి దగ్గరో భార్య దగ్గరో ఉండేలా చేయండి. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో అక్కడే వెతికి చూపించండి. లైసెన్సు ఉన్నవాళ్లు తీసుకోవాల్సిన సర్వీసు చార్జీ 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ, అంతకు మించి కాదని బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయండి.

నిరుడు ఇలా టేబుల్ పెట్టిన రాత్రి, సినిమా అయ్యాక ఒకమ్మ ఇంటికి పరుగెత్తుకెళ్లి కొడుకు వీసా కాగితం తెచ్చింది. సూపర్ మార్కెట్‌లో ప్యాకింగ్ పని అని ఏజెంటు చెప్పాడట. ఏడేళ్లలో నాకు అబ్బిన కాస్త అరబ్బీతో వృత్తి అన్న చోట కూడబలుక్కుని చదివాను. గొర్రెల కాపరి అని ఉంది. రెండుసార్లు చదివి, ఇంకో మిత్రుడికి ఫోన్‌లో ఫోటో పంపి అడిగి, అప్పుడు ఆమెకు చెప్పాను. కుర్రాడికి పది రోజుల్లో ఫ్లైటు. వెళ్లలేదు. కట్టిన డబ్బులో సగం వచ్చింది, మిగతా సగం కోసం ఇప్పటికీ తిరుగుతున్నాం. ఇప్పుడు ఆ కుర్రాడే మా జిరాక్స్ మిషన్ దగ్గర కూర్చుంటున్నాడు. మీ మొదటి రాత్రికి పంపమంటే పంపిస్తాను, బస్సు చార్జీలు ఇస్తే చాలు.